మా గీతలు, వాళ్ల మగ్గాలు

బెంగళూరు వ్యాపారి ఫోను చేసినప్పుడు నేను అన్నం తింటున్నాను. మా నాయన నేయించే చీరలను ఏళ్ల తరబడి కొంటున్న మనిషి ఆయన. ఎప్పుడు మాట్లాడినా ముందు వాన సంగతి అడిగి, ఆ తర్వాతే వ్యాపారం ఎత్తేవాడు. ఆ రోజు వాన సంగతి అడగలేదు.

"ఏమమ్మా, కొత్త డిజైన్ అని పంపినారే, నెమలి అంచుది. ఇది పోయిన వారమే నా అంగడికి వచ్చింది కదా! మీ ఊరి నుంచే వచ్చింది. మీ కంటే తక్కువకే ఇచ్చినారు. ఇప్పుడు మీ చీరలు నేనేమి చేసుకోవాల?"

"అది మాదే అన్నా. మేము తప్ప ఇంకెవరూ నేయలేదు," అన్నాను.

"నేయకపోతే నా ముందర ఉండేదేమి మరి? రెండూ పక్కపక్కన పరిచి చూస్తాండా. కవల పిల్లల మాదిరి ఉండాయి."

పళ్లెంలో చెయ్యి అట్లాగే ఉండిపోయింది. ఆ నెమళ్లకు నాకు ఎండాకాలమంతా పట్టింది. ఒక్కో ఈకను గడి తర్వాత గడి నింపుతూ, మెడ వంపు కుదరక చెరిపేసి మళ్లీ వేస్తూ, కరెంటు పోయిన ప్రతిసారీ చేసిన పనిలో కొంత పోగొట్టుకుంటూ వేశాను. అది మేము అమ్మకముందే ఇంకెవరో అమ్మేశారు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లంతా మంట పుట్టింది.

ఇది రెండు వేల సంవత్సరం దాటిన కొన్నేళ్లకు జరిగింది. మాది ధర్మవరానికి దగ్గరలో, ఇంటింటా మగ్గం చప్పుడు వినిపించే ఊరు. మా ఇంట్లోనూ పట్టుచీరల మగ్గాలుండేవి. డిజైన్లు నాయనే వేసేవాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడినీ రంగుతో నింపేవాడు. ఆ గళ్లను బట్టి అట్టలకు చిల్లులు కొడతారు. ఆ అట్టల దండ మగ్గం పైన తిరుగుతూ ఏ పోగు లేవాలో, ఏది ఆగాలో చెబుతుంది. చీర మీద పువ్వు పడేది అట్లా. నాయనకు చూపు మందగించాక, నేను అనంతపురం పోయి కంప్యూటర్ నేర్చుకుని వచ్చాను. కాగితం మీద నింపే గళ్లనే తెర మీద నింపడం మొదలుపెట్టాను. నాయన నా వెనక స్టూలు వేసుకుని కూర్చుని, కళ్లు చికిలించి చూస్తూ, "ఆ కొమ్మ ఇంకొంచెం వంచమ్మా, మరీ కట్టె మాదిరి ఉండాది," అనేవాడు. నేను వంచేదాన్ని.

ఆ కంప్యూటర్‌ను మేము పసిబిడ్డలాగా చూసుకున్నాం. మా వైపు గాలి లేస్తే ఎర్రదుమ్ము తలుపు సందుల్లోంచి కూడా వస్తుంది. కిటికీకి తడి గుడ్డ కట్టేవాళ్లం. పని అయిపోగానే అమ్మ పాత చీర మడిచి దాని మీద కప్పేది. దుమ్ము నుంచి, కరెంటు నుంచి, ఎలుకల నుంచి కాపాడుకున్నాం. మనిషి నుంచి కాపాడుకోవాలని మాకెవరికీ తోచలేదు.

అట్టలు కొట్టే చోటు బెంగళూరులో ఉండేది. మొదట్లో డిజైన్‌ను ఫ్లాపీలో పెట్టి బస్సులో పంపేదాన్ని. ఎండకు మాడిపోయి అది అక్కడ తెరుచుకునేది కాదు. ఈ-మెయిల్ వచ్చాక ఆ బాధ తప్పింది. ఇంట్లో నెట్ లేదు కాబట్టి బస్టాండు దగ్గరున్న ఇంటర్నెట్ సెంటర్‌కు ఫ్లాపీ పట్టుకుపోయి పంపేదాన్ని. సెంటర్ నడిపే ఆయన చాలా మర్యాదస్తుడు. నేను గడప తొక్కగానే, "రా అక్కా, మూల మెషీన్ ఖాళీగా ఉండాది. ఆడోళ్లకు అదే బాగుంటాది," అని పరదా జరిపి కూర్చోబెట్టేవాడు. ఫ్యాను నా వైపు తిప్పేవాడు. మంచివాడనుకున్నాను. సొంత తమ్ముడున్నా ఇట్లా చూసేవాడా అని కూడా అనుకున్నాను.

ఫోను సంగతి చెప్పగానే నాయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆయన చూపు నేరుగా నడవలోని మగ్గం వైపు పోయింది. అక్కడ కూర్చుని నేసే మనిషిని నేను మామా అని పిలిచేదాన్ని. రక్తసంబంధం లేదు. నేను పుట్టకముందు నుంచీ మా ఇంట్లో నేస్తున్నాడు. నన్ను ఎత్తుకుని తిప్పాడు. నెమలి చీర నేసింది కూడా ఆయనే. ఆయన బావమరిది మా ఊరి పెద్ద షావుకారు దగ్గర మగ్గం నేస్తాడు. బెంగళూరుకు మా కంటే ముందు చేరిన చీరలు ఆ షావుకారువే అని సాయంత్రానికల్లా తెలిసింది. నాయనకు అంతకంటే రుజువు అక్కర్లేకపోయింది.

"ఇంట్లో తిని ఇంటికే ఎసరు పెట్టినాడు," అన్నాడు నాయన. మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"నాయనా, ఆగు," అన్నాను. "వాళ్ల చీర మన చీర కంటే ముందు తయారైంది. అంటే మన అట్టలు మన మగ్గమెక్కక ముందే వాళ్లు నేత మొదలుపెట్టినారు. మామ మన మగ్గం మీద చూసి చెప్పింటే అదెట్ల అవుతుంది?"

"అట్టల కట్ట విప్పినది ఎవరు? వాడే కదా!"

"విప్పేటప్పటికే అక్కడ నేస్తాండారు నాయనా!"

"నువ్వు నోర్ముయ్. నీకేం తెలుసు మనుషుల సంగతి."

మామ మగ్గం గుంతలోంచి లేచాడు. కాళ్లు దులుపుకున్నాడు. గోడకున్న కొక్కానికి వేలాడుతున్న తువ్వాలు తీసుకుని భుజాన వేసుకున్నాడు. "బావా, నేను ఇచ్చినానని నువ్వు నమ్ముతాండావా?" అని ఒక్క మాట అడిగాడు. నాయన గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. మామ గడప దిగి వెళ్లిపోయాడు. అమ్మ వెనకాలే వీధి మలుపు దాకా పోయి పిలిచింది. ఆయన తిరిగి చూడలేదట.

మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉండిపోయింది. నాయన మీద నాకు వచ్చిన కోపం ఎంతంటే, ఒకే ఇంట్లో ఉంటూ ఆయనకు అన్నం వడ్డించడం మానేశాను. అమ్మే వడ్డించేది. దొంగ ఎవరో తెలియకపోతే, తెలియదని ఒప్పుకోవడానికి మనిషికి ఎందుకంత కష్టం? అందుబాటులో ఉన్నవాడి మీద వేసేస్తే మనసు నిమ్మళిస్తుందా?

మామ పోయిన తర్వాత ఇంకో డిజైన్ వేశాను. గుమ్మడి పువ్వులు, వాటి మధ్య తీగ. ఈసారి నాయనకు కూడా పూర్తిగా చూపించలేదు. బెంగళూరుకు పంపాను. అట్టలు వచ్చి, ఇంకా మగ్గానికి ఎక్కించనే లేదు, గుమ్మడి పువ్వుల చీర షావుకారు కొట్టు అద్దాల బీరువాలో వేలాడుతోందని అమ్మ చూసొచ్చి చెప్పింది. నేను పరుగెత్తాను. అదే పువ్వు. తీగ ఒక చోట నాకు కుదరక తప్పు మలుపు తిరిగింది. ఆ తప్పు మలుపుతో సహా అదే.

"ఇప్పుడు చెప్పు నాయనా, మామ యాడ ఉండాడు ఇప్పుడు?" అని అరిచాను.

నాయన, "పోయేముందే ఏదన్నా చేసి పోయినాడేమో," అని గొణిగాడు. ఆ మాట అంటున్నప్పుడు తనకే నమ్మకం లేదని ముఖంలో తెలుస్తోంది. అయినా అన్నాడు.

మర్నాడు నేను అనంతపురం బస్సెక్కి, నాకు కంప్యూటర్ నేర్పిన మేడమ్ దగ్గరికి పోయాను. ఆమె అంతా విని, ఒకటే అడిగింది.

"నీ మెయిల్ యాడ తెరుస్తావమ్మా?"

"బస్టాండు దగ్గర సెంటర్‌లో మేడమ్."

"ప్రతిసారీ అక్కడేనా?"

"అక్కడే. పాస్‌వర్డ్ మాత్రం ఎవరికీ చెప్పలేదు. మా అమ్మకు కూడా తెలీదు."

"చెప్పక్కర్లేదు. నువ్వు కొట్టే ప్రతి అక్షరాన్నీ దాచిపెట్టుకునే ప్రోగ్రాములు వచ్చినాయి ఇప్పుడు. మెషీన్‌లో ఒకసారి ఎక్కిస్తే చాలు. తెర మీద నీకు చుక్కలు కనపడతాయి, దానికి నీ పాస్‌వర్డ్ కనపడతాది. నువ్వు లేచి ఇంటికి పోయినాక వాళ్లు నీ మెయిల్ పెట్టె తీసి, పంపినవన్నీ చూసుకుంటారు."

నాకు ఫ్యాను గుర్తొచ్చింది, నా వైపు తిప్పిన ఫ్యాను.

అయినా మళ్లీ ఇంకో మనిషి మీద ఊరికే నింద వేయదలచుకోలేదు. నాయన చేసిన పని నేనూ చేయకూడదు. బెంగళూరులో అట్టలు కొట్టేవాళ్లే దొంగలు కావచ్చు కదా. అందుకని రెండు డిజైన్లు వేశాను. ఒకటి మామిడి పిందెలది. ఇంకోటి చిలకలది. చిలకల వరసలో ఒక చిలకను మాత్రం వెనక్కి తిప్పాను. మిగతావన్నీ ముందుకు చూస్తుంటే అదొక్కటే మెడ తిప్పి తోక వైపు చూస్తుంది. కొత్తగా ఇంకో మెయిల్ తెరిచి, మామిడి పిందెలను మేడమ్ ఇంట్లోని మెషీన్ నుంచి పంపాను. ఆ మెయిల్ పాస్‌వర్డ్‌ను ఇంకెక్కడా కొట్టలేదు. చిలకలను పాత మెయిల్‌లో, సెంటర్‌లోని మూల మెషీన్ నుంచి పంపాను. రెండూ చేరింది ఒకే చోటికి, బెంగళూరుకే. వాళ్లకు ఫోను చేసి, నేను చెప్పేదాకా దేనికీ అట్టలు కొట్టవద్దన్నాను. వాళ్లు దొంగలైతే రెండూ బయటికి వస్తాయి. సెంటర్‌లో దొంగ ఉంటే చిలకలు మాత్రమే వస్తాయి.

కొన్ని వారాలకు చిలకలే వచ్చాయి. మామిడి పిందె ఎక్కడా కనబడలేదు. షావుకారు అద్దాల బీరువాలో ఆకుపచ్చ చీర, జరీ కొంగు, వరసగా చిలకలు. వరసలో ఒక చిలక వెనక్కి తిరిగి నన్నే చూస్తోంది. ఆ చీరను నేను ఏ మగ్గం మీదా నేయించలేదు. నా కంప్యూటర్‌లో, నేను పంపిన ఆ మెయిల్‌లో తప్ప అది లోకంలో ఎక్కడా లేదు. అద్దం పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. అక్కడి నుంచి నేరుగా సెంటర్‌కు పోయాను.

మధ్యాహ్నం. మూల మెషీన్ తప్ప అన్నిటి ముందూ మనుషులున్నారు. పరీక్ష ఫలితాలు చూసుకునే ఆడపిల్లలు, ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకుంటున్న ఒక నర్సు, దుబాయిలో ఉన్న భర్తకు మెయిల్ రాస్తున్న ఒక ఆమె.

"రా అక్కా," అన్నాడు ఆయన ఎప్పటిలాగే. "మూల మెషీన్..."

"ఆ మూల మెషీన్‌లో ఏమి పెట్టినావు?"

"ఏమి పెట్టినాను?"

"నేను కొట్టే పాస్‌వర్డ్ దాచే ప్రోగ్రాము. నా డిజైన్లు షావుకారుకు ఎన్నాళ్ల నుంచి ఇస్తాండావు?"

ఆయన ముఖం తెల్లబోయింది. వెంటనే నవ్వు తెచ్చుకున్నాడు. "అరవద్దక్కా, గిరాకీలు ఉండారు. నేను మెషీన్లు పెట్టినాను, అంతే. వచ్చి కూర్చునేవాండ్లు ఏమేమి ఎక్కించి పోతారో నాకెట్ల తెలుస్తాది?"

"మరి నన్ను ప్రతిసారీ దాని ముందరే ఎందుకు కూర్చోబెట్టినావు?"

"ఆడోళ్లకని..."

"ఇంతమంది ఆడోళ్లు ఉండారు కదా ఈడ. వాళ్లను ఎందుకు కూర్చోబెట్టలేదు? మూల మెషీన్ ఎప్పుడు చూసినా ఖాళీగానే ఎందుకుంటుంది?"

ఆయన నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, పెద్దోళ్లతో మనకెందుకు. షావుకారు మంచోడు కాదు. నీ మంచికే చెప్తాండా."

నేను షావుకారుకు ఇస్తున్నావని అన్నప్పుడు ఆయన కాదని ఒక్కసారి కూడా అనలేదు. ఇప్పుడు పేరెత్తి బెదిరిస్తున్నాడు. చాలనిపించింది. గదిలో ఉన్న వాళ్ల వైపు తిరిగి గట్టిగా చెప్పాను. మీరిక్కడ కొట్టే ప్రతి అక్షరం ఈయనకు తెలిసిపోతుంది, మీ మెయిళ్లు ఈయన తెరిచి చదవగలడు, లేచి పోండి అన్నాను. నర్సు వెంటనే లేచింది. దుబాయి ఆమె రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఎంత చదివాడోనని భయపడింది కాబోలు, తెర మీది మాటలకు చెయ్యి అడ్డం పెడుతూ లేచింది. ఆడపిల్లలు మాత్రం కదల్లేదు. వాళ్లలో ఒకతి, "ఇంకో సెంటర్ లేదు కదక్కా ఊళ్లో. ఫలితాలు యాడ చూసుకోవాల?" అంది. ఆ పిల్ల మీద నాకు కోపం రాలేదు. ఇంకో దారి లేదని తెలిసి, ఆ లేకపోవడం మీదనే అంగడి పెట్టినవాడి మీద వచ్చింది.

పోలీస్ స్టేషన్‌కు పోయాను. అమ్మ తోడొచ్చింది. నాయన రాలేదు. అమ్మ షావుకారు కొట్లో కొనుక్కొచ్చిన చీర మీది చిలకను, నా కాగితం మీది చిలకను ఎస్సై చూశాడు.

"బాగుందమ్మా. ఇంతకీ ఏమి పోయింది?"

"డిజైన్ పోయింది సార్."

"మీ కంప్యూటర్‌లో లేదా ఇప్పుడు?"

"ఉంది సార్."

"ఉంటే పోయిందెట్ల?"

"కాపీ చేసుకున్నారు సార్. నా పాస్‌వర్డ్ దొంగిలించి."

ఎస్సై పక్కనున్న కానిస్టేబుల్ వైపు చూసి నవ్వాడు. "చీర ఎత్తుకుపోయింటే రాసుకుంటా. మగ్గం ఎత్తుకుపోయినా రాసుకుంటా. చిలక మెడ తిప్పిందని ఏమి రాసుకోవాలమ్మా?"

కంప్యూటర్ దొంగతనాలకు చట్టం వచ్చిందని మేడమ్ చెప్పిందన్నాను. అవన్నీ హైదరాబాదులో చూసుకుంటారన్నాడు. ఆ తర్వాత అమ్మ వైపు తిరిగి, పెళ్లి కావలసిన పిల్లను ఇట్లా స్టేషన్ల చుట్టూ తిప్పవద్దని సలహా ఇచ్చాడు. అమ్మ ఎప్పుడూ గొంతెత్తని మనిషి. ఆ రోజు, "దొంగను పట్టుకోడం మీకు చాతకాకుంటే ఆ మాట చెప్పండి. నా కూతురి పెండ్లి నేను చూసుకుంటా," అని లేచింది. బయటికొచ్చాక ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

స్టేషన్ సంగతి షావుకారుకు ఎట్లా చేరిందో, రెండు రోజులకే మా ఇంటికి వచ్చాడు. తెల్లపంచె, నుదుట బొట్టు, చేతిలో అరటిపండ్ల సంచి. నడవలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. అమ్మ ఇచ్చిన కాఫీ తాగాడు.

"ఏమప్పా, నేను దొంగనా?" అని నాయనను అడిగాడు. "చిలక మీ ఇంట్లో పుట్టిందా? నెమలి మీ తాతది ఏమి? నువ్వు మటుకు మొగ్గలు, తీగలు యాడ నేర్చినావప్పా? గుడి పైకప్పు మీద బొమ్మలు చూసి గీసుకోలేదా నువ్వు?"

నాయన తల దించుకున్నాడు. అది నిజమే. వయసులో ఉన్నప్పుడు లేపాక్షి పోయి, మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తూ బొమ్మలు గీసుకొచ్చేవాడు. ఆ కాగితాలు ఇంకా ఇంట్లో ఉన్నాయి. షావుకారు మాట ఆయనకు తగిలింది. నాకు తగల్లేదు.

"గుడికి పోయి తలెత్తి చూసినాడు మా నాయన," అన్నాను. "ఎవరి ఇంటి తాళమూ తీయలేదు. చిలకను చూసి మీరూ గీసుకోండి, ఎవరొద్దన్నారు? ఆకాశంలో బోలెడు ఉండాయి. మెడ తిప్పిన చిలక మాత్రం నాది. దాన్ని నేనే తిప్పినాను, దొంగను పట్టుకోడానికి."

షావుకారు నా వైపు చూడను కూడా లేదు. "పాపకు తొందరగా పెండ్లి చేసి పంపప్పా," అన్నాడు నాయనతో. "ఇంట్లో ఆడపిల్ల ఇంత నోరు చేస్తే సంబంధాలు రావు."

నాయన లేచి నిలబడ్డాడు. "కాపీ తాగినావు కదా. ఇంక లెయ్యప్పా," అన్నాడు. అరటిపండ్ల సంచిని తీసి ఆయన చేతిలోనే పెట్టాడు. మామ పోయిన రోజు నుంచీ నాయన మీద నాకున్న కోపంలో కొంత ఆ నిమిషాన తగ్గింది. అంతా తగ్గలేదు.

ఇక బెంగళూరు వ్యాపారికైనా న్యాయం తెలుస్తుందని ఫోను చేసి మొత్తం చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. అంగట్లో ఉన్న చీరలు తీయించి చూసి, అవును, ప్రతి చీరలోనూ ఒక చిలక తిరిగే ఉందన్నాడు. ఆ తర్వాత పెద్దగా నవ్వాడు. "అదే బాగుందమ్మా! కొనేవాండ్లు ఆ తిరిగిన చిలకే కావాలంటాండారు. మీరు కూడా నేసి పంపండి, ఎన్నైనా తీసుకుంటా." దొంగ చీర ఇంక తీసుకోనని అంటాడని ఎదురుచూశాను. అనలేదు. ఏడాది తిరిగేలోపు మా వీధిలో ప్రతి ఇంట్లో ఆ చిలక పడింది. దొంగను పట్టడానికి నేను పన్నిన వల అందరికీ అంచు అయి కూర్చుంది. మేము మాత్రం దాన్ని నేయలేదు. నేస్తే నాలుగు చీరలు ఎక్కువ అమ్ముడయ్యేవేమో. నాకు చేతులు రాలేదు.

న్యాయం ఎక్కడా దొరకదని తేలిపోయాక, కాపలా నేనే కాయాలని నిశ్చయించుకున్నాను. అప్పుచేసి ఇంటికి నెట్ తీసుకున్నాం. పని అయిపోగానే ఫోను తీగ పీకేసేదాన్ని. బయటివాళ్ల పెన్‌డ్రైవ్ నా మెషీన్‌కు తాకనిచ్చేదాన్ని కాదు. పాస్‌వర్డ్ తరచు మార్చేదాన్ని. అన్నిటికంటే మించి, డిజైన్‌ను ఎప్పుడూ మొత్తంగా పంపేదాన్ని కాదు. నిలువుగా ముక్కలు కోసి, వరస కలగాపులగం చేసి పంపేదాన్ని. ఏ ముక్క పక్కన ఏది అతకాలో అట్టలు కొట్టే ఆయనకు ఫోనులో చెప్పేదాన్ని. మధ్యలో ఎవడైనా తీసి చూస్తే, వాడికి దొరికేది తల ఒకచోట, తోక ఇంకోచోట పడిన పక్షి. చుట్టుపక్కల నేత ఇళ్ల వాళ్లు ఒక్కొక్కరుగా వచ్చి అడిగితే అందరికీ నేర్పాను. మొదట్లో, "బొమ్మలకు ఇంత కాపలానా?" అని నవ్వినవాళ్లే, తమ డిజైన్ పోయాక వచ్చారు. సెంటర్ ఆయన కొన్నాళ్లు నడిపి, మూసేసి, అదే గదిలో సెల్‌ఫోన్ల కొట్టు పెట్టాడు. ఎదురుపడితే ఇప్పటికీ అక్కా అంటాడు. నేను జవాబివ్వను.

అన్నిటికంటే కష్టమైన పని మిగిలే ఉంది. మామ కొత్తచెరువు ఊళ్లో ఎవరి దగ్గరో మగ్గం నేస్తున్నాడని తెలిసింది. నాయన వెళ్దామని తనంతట తాను అనలేదు. నేనే చెప్పులు తెచ్చి ముందు పెట్టాను. ఇద్దరం బస్సెక్కాం. దారి పొడుగునా వాన లేక మొలకెత్తని చెనిక్కాయ చేలు. నాయన కిటికీలోంచి వాటినే చూస్తూ కూర్చున్నాడు.

మామ నేస్తున్న ఇల్లు సందు చివర ఉంది. మమ్మల్ని చూసి మగ్గం ఆపాడు. బయటికొచ్చి, అరుగు మీద కూర్చోమన్నాడు. లోపల్నుంచి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. నాయన నీళ్లు తాగాడు. నేనే మొదలుపెట్టి, సెంటర్, మూల మెషీన్, చిలక, అంతా చెప్పాను. మామ తల ఊపుతూ విన్నాడు. పాస్‌వర్డ్ అంటే ఏమని అడిగాడు. తాళంచెవి లాంటి మాట అని చెప్పాను.

"తప్పు జరిగింది," అన్నాడు నాయన నేల చూస్తూ. "ఇంటికి రా."

మామ తువ్వాలు అంచు నలుపుతూ కూర్చున్నాడు.

"దొంగ దొరికినాడు కాబట్టి వచ్చినావు బావా," అన్నాడు. "పాప తెలివైంది కాబట్టి దొరికినాడు. దొరక్కపోయింటే?"

నాయన ఖాళీ చెంబును అరుగు మీద పెట్టాడు.

"దొరక్కపోయింటే నేను చచ్చేదాకా దొంగనే కదా నీకు. ఇన్నేండ్లు పక్కన కూర్చున్నా నా ముఖం చూసి తెలుసుకోలేకపోతివి. మిషను చెప్తే తెలిసింది."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది. నాకున్నంత కోపం ఆయనకూ ఉండి, నాయనను నాలుగు తిట్లు తిట్టి, మాతో బస్సెక్కి ఉంటే బాగుండేది. "రాలేను బావా. ఈడ బాగనే ఉండాది," అన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టి, "అమ్మను అడిగినానని చెప్పు," అని లోపలికి పోయాడు. మేము సందు దాటకముందే మగ్గం చప్పుడు మళ్లీ మొదలైంది.

బస్టాండులో నాయన బెంచీ మీద కూర్చుని ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. పక్కన కూర్చున్నాను గానీ ఓదార్చలేదు. సెంటర్ ఆయన నా పాస్‌వర్డ్ దొంగిలించాడు, షావుకారు నా డిజైన్లు దొంగిలించాడు. అవి మళ్లీ వేసుకున్నాను. మామను మాత్రం వాళ్లెవరూ ఎత్తుకుపోలేదు. మేమే పంపేశాం. ఆ లెక్క ఏ స్టేషన్‌లోనూ రాసుకోరు.

మర్నాడు పొద్దున్నే నాయన, సరిగా కనబడని కళ్లతోనే, నడవలోని మగ్గం గుంతలోకి దిగాడు. మామ సగంలో వదిలేసి పోయిన చీర మీది దుమ్ము తుడిచాడు. "ఎవరినన్నా కుదుర్చుకుందాం నాయనా, నువ్వు నేయలేవు," అన్నాను. వినిపించుకోలేదు. తెగిన పోగులు వెతుక్కుంటూ, ఒక్కోటీ వేళ్లతో తడిమి ముడి వేయడం మొదలుపెట్టాడు.